ఒక్క పన్ను జరిపితే... ముక్కు లేస్తుంది!

పాత అంబాసిడర్‌కీ, కోటి రూపాయలు దాటి పలికే జాగ్వార్ స్పోర్ట్స్ కారుకీ దగ్గరి చుట్టరికం ఉందంటే నమ్ముతారా? నమ్మాలి మరి! రెండింటిలోనూ ముందు చక్రాల మీద పడే బరువును మోసేది మెలితిరిగే ఓ ఉక్కు కడ్డీ. పాత కార్ల మీద మోజు పెరుగుతోంది. ఆ కడ్డీ గుట్టు తెలిసిన చేతులు మాత్రం తగ్గిపోతున్నాయి. చిక్కంతా అక్కడే వస్తోంది!

కారు అందాన్ని పక్కనుంచి చూడాలంటారు తెలిసినవాళ్లు. రంగు బాగుండొచ్చు, సీట్లు కొత్తవి వేయించొచ్చు. అయినా ముందు చక్రం మీది అంచు టైరును కప్పేస్తూ కిందికి దిగిపోయి ఉంటే ఆ బండి అలసిపోయి మోకాళ్ల మీద కూలబడినట్టే కనిపిస్తుంది. పెరట్లో కొబ్బరిచెట్టు నీడన ఏళ్ల తరబడి ఆగిపోయిన అంబాసిడర్‌ను ఓసారి గమనించండి. దాని చూపు రోడ్డు మీద ఉండదు, నేల మీద ఉంటుంది.

ముక్కు దిగడం వేరు, లేవడం వేరు. ఉద్దానంలో జీడిపిక్కల కాలంలో రెండోదే ఎక్కువ.

"ఏటి మావా, బండి ముక్కు లేపీసింది?"

"డిక్కీలో పిక్కల బస్తాలేసినాం కదేటి!"

ఇలాంటి పలకరింపు ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. రెండు బస్తాలు డిక్కీలో పడితే 160 కిలోలు వెనక కూర్చున్నట్టే. వెనకున్న కమాను కట్టలు కిందికి వంగుతాయి, ముందు భాగం గాల్లోకి చూస్తుంది. బస్తాలు దించేస్తే మళ్లీ మామూలే. దానికి మెకానిక్ అక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ముందు భాగం కుంగే ఉంటే, అందులోనూ ఓ పక్క మరీ ఎక్కువ కుంగితే అప్పుడు కిందికి దూరి చూడాల్సిందే.

తడి తువ్వాలు... ఉక్కు కడ్డీ

వెనకున్న కమాను కట్టలు అందరికీ తెలుసు. ఎడ్లబండి దిగి లారీ ఎక్కిన రోజుల నుంచీ చూస్తున్నవే. స్ప్రింగు చుట్టలూ తెలుసు. అంబాసిడర్ ముందు చక్రాల దగ్గర మాత్రం కమానూ కనిపించదు, చుట్టా కనిపించదు. 'మరి బరువు దేనిమీద ఆగింది?' అని కొత్తవాళ్లు బుర్ర గోక్కుంటారు. కారు కిందికి వంగి చూస్తే ఓ నిడుపాటి ఉక్కు కడ్డీ, ముందు నుంచి వెనక్కి, ఛాసిస్‌కు సమాంతరంగా పోతూ కనిపిస్తుంది. ఎడమకొకటి, కుడికొకటి. అదే టార్షన్ బార్.

తడి తువ్వాలును ఇద్దరు చెరో చివరా పట్టుకుని పిండుతున్నారనుకోండి. ఒకరు కదలకుండా పట్టుకున్నారు, రెండోవారు మెలితిప్పుతున్నారు. మెలి పెరిగేకొద్దీ తువ్వాలు ఎదురు తిరుగుతుంది. వదిలేస్తే గిర్రున వెనక్కి తిరుగుతుంది. టార్షన్ బార్ పని కూడా అంతే. వెనక చివర ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, కదలదు. ముందు చివర చక్రాన్ని మోసే కింది చేతికి తగిలించి ఉంటుంది. చక్రం గుంతలో పడ్డా, గట్టెక్కినా ఆ చెయ్యి పైకీ కిందికీ ఊగుతుంది. ఊగినప్పుడల్లా కడ్డీ మెలితిరుగుతుంది. ఆ మెలిలోనే బండి బరువంతా ఉంటుంది.

ఈ ఆలోచన పాతదే. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే 1931లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1934లో ఫ్రాన్సులో వచ్చిన సిత్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ కారు దీనిమీదే నడిచింది. కార్ల సంగతి సరే, మన సైన్యం వాడే టీ-72 ట్యాంకు చక్రాల కింద ఉన్నవీ ఇవే కడ్డీలు! తక్కువ చోటు, తక్కువ సామాను, మొండి బలం... ట్యాంకు చేసేవాడికైనా, రేసు కారు చేసేవాడికైనా కావాల్సినవి ఇవే కదా.

రేసు గుర్రం, బండి ఎద్దు

బ్రిటన్‌లో జాగ్వార్ కంపెనీ 1948లో తెచ్చిన ఎక్స్‌కే 120కి ముందు చక్రాల దగ్గర టార్షన్ బార్లు పెట్టింది. ఆ తర్వాత సి-టైప్, డి-టైప్ రేసు కార్లకూ అదే ఏర్పాటు. 1951 నుంచి 1957 దాకా ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల రేసును ఈ రెండు కార్లూ కలిపి అయిదుసార్లు గెలిచాయి. ఇక 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ప్రపంచాన్ని నోరెళ్లబెట్టేలా చేసిన ఇ-టైప్ ఉండనే ఉంది. దాని అందానికి ముగ్ధులై న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం వాళ్లు 1996లో ఓ కారును తమ సేకరణలో చేర్చుకున్నారు. పొడవాటి మూతి, నేలను తాకుతుందేమోననిపించే ముక్కు. ఆ ముక్కు ఎత్తు కాస్త అటూ ఇటూ అయినా కారు అందం చెడుతుంది, నడకా చెడుతుంది. పోర్షే 911 కూడా 1960ల మొదలు 1989 దాకా ముందు చక్రాలకు టార్షన్ బార్లనే నమ్ముకుంది.

అదే 1948లో బ్రిటన్‌లోనే సామాన్యుడి కోసం వచ్చిన మోరిస్ మైనర్‌కూ ముందు టార్షన్ బార్లే. దాన్ని రూపొందించిన అలెక్ ఇస్సిగోనిస్ తర్వాతి రోజుల్లో మినీ కారుతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మైనర్‌కు అన్నలాంటిది మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారా చేరి, హిందుస్తాన్ మోటార్స్ చేతిలో అంబాసిడర్ అయింది. మంత్రిగారు ఎక్కినా, పెళ్లికొడుకు ఎక్కినా అదే కారు.

చుట్టరికం అక్కడితో ఆగలేదు. పెట్రోలు అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ బి-సిరీస్ ఇంజనూ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీఏ 1500లో ఉన్న ఇంజనూ ఒక్క కుటుంబానివే. అన్నట్టు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం అంబాసిడర్‌కు 97 అంగుళాలు. ఇ-టైప్‌కు 96. ఒక్క అంగుళమే తేడా! ఒకటి రేసు గుర్రం, ఇంకొకటి బండి ఎద్దు. కాళ్లు మాత్రం ఒకే కొలత.

2008లో టాటా మోటార్స్ జాగ్వార్‌ను కొనేసింది. అలా రేసు గుర్రం మన ఇంటికొచ్చింది. అంబాసిడర్ కథ మరోలా ముగిసింది. 2014 మేలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మేశారు. పేరైతే అమ్ముడుపోయింది కానీ, కారు కింద పడుకుని కడ్డీని చూపే గుర్తుపట్టే మెకానిక్‌ల విద్యను ఎవరూ కొనలేదు, ఎవరికీ అప్పగించలేదు.

పళ్లలో ఉంది కిటుకు

ఇంతకీ ముక్కును ఎత్తేదెలా? కడ్డీ రెండు చివర్లా సన్నటి పళ్లు ఉంటాయి, స్ప్లైన్లంటారు. ఆ పళ్లు అటు చేతి గాడిలోనూ, ఇటు ఛాసిస్ గాడిలోనూ కూర్చుంటాయి. కడ్డీని బయటికి లాగి, ఒక పన్ను తిప్పి మళ్లీ కూర్చోబెడితే చేతి కోణం మారుతుంది. కోణం మారితే ఎత్తు మారుతుంది. చెయ్యి పొడవు 30 సెంటీమీటర్లనుకుంటే, ఒక్క డిగ్రీ మారినా చివర దాదాపు 5 మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

ఇక్కడో చిక్కుంది. ఓ చివర 24 పళ్లున్నాయనుకుందాం. ఒక పన్ను జరిపితే 15 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఏడున్నర సెంటీమీటర్ల పైచిలుకు! ముక్కు నేలకైనా గుద్దుకోవాలి, ఆకాశానికైనా చూడాలి. మరి చిన్న చిన్న సర్దుబాట్లు ఎలా? ఇంజనీర్లు ఇక్కడే తెలివిగా ఆలోచించారు. రెండు చివర్లా పళ్ల సంఖ్య వేరుగా పెట్టారు. ఓ చివర 24, రెండో చివర 25 అనుకోండి. ఒకవైపు ఒక పన్ను ముందుకు జరిపి, రెండోవైపు ఒక పన్ను వెనక్కి జరిపితే 15 డిగ్రీల్లోంచి 14.4 పోయి 0.6 డిగ్రీలే మిగులుతుంది. మూడు మిల్లీమీటర్ల చిల్లర!

ఇది కాగితం మీది లెక్క కాదు. పాత పోర్షే 911 వెనక చక్రాల కడ్డీలకు లోపలి చివర 40, బయటి చివర 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను అంటే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను అంటే 8.18 డిగ్రీలు. రెండూ ఎదురెదురుగా జరిపితే మిగిలేది 0.82 డిగ్రీ. అదే 911 ముందు చక్రాలకు పళ్లతో ఈ తంటా లేదు, ఓ సర్దుబాటు మర ఉంటుంది. ఇ-టైప్ ముందు చక్రాలకు మాత్రం మర లేదు. షాక్ అబ్జార్బర్‌ను విప్పేసి, దాని స్థానంలో రెండు రంధ్రాలున్న కొలత పట్టీని బిగిస్తారు. చెయ్యి ఆ కొలత దగ్గరే నిలబడిపోతుంది. అప్పుడు పళ్లు సరిగ్గా కలిసేదాకా కడ్డీని తిప్పుతూ, తోస్తూ, లాగుతూ కూర్చోవాలి. ఓపికకు పరీక్షే.

మన రోడ్ల మీద తిరిగే షెవర్లే తవేరాలో ముందువైపు టార్షన్ బారే ఉంది. దానికి సర్దుబాటు బోల్టు ఉంటుంది కాబట్టి పని తేలిక. తేలిక కాబట్టే పాడుచేసేవాళ్లూ ఎక్కువ.

బిగిస్తే గట్టిపడుతుందా?

షెడ్డుల దగ్గర ఎక్కువగా వినిపించే భ్రమ ఇదొకటి. 'బోల్టు నాలుగు చుట్లు బిగించాం, ఇక సస్పెన్షన్ గట్టిపడుతుంది, లోడు తట్టుకుంటుంది' అనుకుంటారు. గట్టిపడదు. కడ్డీ అదే, లావు అదే, పొడవు అదే. మెలి మొదలయ్యే చోటు మాత్రమే మారింది. ఎత్తు పెరుగుతుంది కానీ బలం పెరగదు. బలం కావాలంటే కడ్డీ లావు మారాలి. ఆ లెక్క మాత్రం భలే ఉంటుంది. కడ్డీ లావు పదో వంతు పెరిగితే గట్టితనం పదో వంతు పెరగదు... దాదాపు 46 శాతం పెరుగుతుంది! లావును నాలుగుసార్లు హెచ్చించాల్సిన లెక్క అది.

ముందు భాగాన్ని ఇష్టమొచ్చినట్టు ఎత్తేస్తే ఏమవుతుందో బ్రిటన్ ఎంజీ కంపెనీ అనుభవం చెబుతుంది. అమెరికా నిబంధనల కోసం 1974 చివర్లో ఎంజీబీ స్పోర్ట్స్ కారును అంగుళంన్నర పైకి లేపారు. అంగుళంన్నరే కదా అనిపిస్తుంది. కానీ మలుపుల్లో కారు ఒరిగిపోయేది. ఆ కారును ప్రాణంగా ప్రేమించినవాళ్లే తిట్టుకున్నారు. ఒరుగును అదుపుచేసే కడ్డీలను తిరిగి చేర్చి, రెండేళ్లకు ఆ తప్పును కొంత దిద్దుకోవాల్సి వచ్చింది. డ్రాయింగు బల్లల ముందు కూర్చునే ఇంజనీర్లకే తప్పలేదు. రోడ్డుపక్క రెంచి పట్టుకున్న కుర్రాడికి తప్పుతుందా?

కిందికి దించినా బెడదే. ముందు భాగం కుంగితే సాధారణంగా చక్రాల పై అంచులు లోపలికి వాలతాయి. టైరు లోపలివైపు అరిగిపోతుంది. స్టీరింగు కడ్డీల కోణం మారి చక్రాలు ఒకదాన్నొకటి చూసుకోవడమో, ఎడమొహం పెడమొహం కావడమో జరుగుతుంది. చిన్న గుంతకే కింది చెయ్యి రబ్బరు దిమ్మకు గుద్దుకుని 'ధబ్' మంటుంది. కొబ్బరితోటల మధ్య ఇసుక దారుల్లో చక్రాల గాళ్ల మధ్య గట్టు ఉంటుంది కదా, దానికి ఇంజను అడుగు రాసుకుంటుంది. అక్కుపల్లి వైపో, నువ్వలరేవు వైపో సముద్రం చూడ్డానికి బయల్దేరిన కుటుంబానికి ఆదివారం అక్కడే అయిపోతుంది!

ఒకటిన్నర సెకను

ఇవన్నీ డబ్బుతో తీరే కష్టాలు. డబ్బుతో తీరనిది ఒకటుంది. పగలు కనిపించదు.

అంబాసిడర్ ముందు భాగం ఓ అంగుళం కుంగిందనుకోండి. చక్రాల మధ్య దూరం 97 అంగుళాలు కాబట్టి కారు మొత్తం దాదాపు ఒక శాతం ముందుకు వాలినట్టు. హెడ్‌లైటు డిమ్ వెలుగు మామూలుగా ఒక శాతం కిందికి వాలి ఉందనుకుంటే, ఇప్పుడు రెండు శాతం వాలుతుంది. నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున్న దీపం 70 మీటర్ల దాకా చూపించాల్సింది, 35 మీటర్లకే ఆగిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 35 మీటర్లను దాటడానికి పట్టే సమయం ఒకటిన్నర సెకను పైచిలుకు. ఎదురుగా ఉన్నది గేదె అని పోల్చుకునేలోగా ఆ కాస్తా అయిపోతుంది.

ముక్కును అదే అంగుళం అవసరం లేకుండా పైకి లేపితే? మన కంటికి బాగానే కనిపిస్తుంది. దీపం నేలకు సమాంతరంగా లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. కళ్లు చెదిరిన ఆ ఎదుటివాడు టెక్కలి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెతో వస్తున్న లారీ డ్రైవరైతే ఇక చెప్పేదేముంది!

ఈ నేల మీద రాత్రి ప్రయాణాలు సరదాకి కాదు. దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో కుంగుతున్న ప్రాంతం ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఏ మండలంలో అడిగినా, మంచి వైద్యం కోసం దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని విశాఖకు అద్దె కారులో తీసుకెళ్లిన కథ చెప్పే ఇల్లు తగులుతుంది. తెల్లవారుజామున చీకటితో బయల్దేరడం, రాత్రికి తిరిగి రావడం. వెనక సీట్లో నీరసించి పడుకున్న మనిషి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాక ఆ దూరం చాలామందికి తగ్గింది. ఊరి నుంచి పలాసకైనా కారెక్కాల్సిందే. అలాంటి ప్రయాణంలో బండి ముందు భాగం రబ్బరు దిమ్మల మీద ఎగిరెగిరి పడుతుంటే రోగికి నరకం. అంగుళం ఎత్తు అంటే ఏమిటో ఆ వెనక సీట్లోవాళ్లకు తెలిసినంతగా ముందు సీట్లోవాళ్లకు తెలియదు.

ఉప్పు గాలి చేసే పని

ముక్కు కుంగగానే కడ్డీని తప్పుపట్టడం అలవాటు. నిజానికి దోషి చాలాసార్లు వేరే ఉంటుంది. కింది చేతి రబ్బరు బుష్‌లు అరిగిపోయి ఉండొచ్చు. ఓ పక్క టైరు సైజు మారి ఉండొచ్చు. పెట్రోలు ఇంజను తీసేసి బరువైన డీజిల్ ఇంజను పెట్టించిన పాత టాక్సీ అయితే కుంగక ఏం చేస్తుంది? బరువు పెరిగింది, కడ్డీ పాతదే.

సముద్రం పక్కన మరో శత్రువు ఉంది. నౌపడ ఉప్పు మడులను చూసినవాళ్లకు ఈ గాలిలో ఏముందో వేరే చెప్పక్కర్లేదు. బారువ నుంచి భావనపాడు దాకా ఒడ్డున పెట్టిన ఇనుము ఏదైనా తుప్పును తప్పించుకోలేదు. టార్షన్ బార్ వెనక చివర బిగించి ఉండే అడ్డపట్టీ మురికీ తడీ చేరే చోటు. పైకి రంగు బాగానే ఉంటుంది. లోపల రేకు బిస్కెట్‌లా పొరలు లేస్తుంది. కడ్డీ మెలిలో ఉన్న బలమంతా అక్కడే ఆగి ఉందని మరిచిపోవద్దు. ఆ పట్టీ పుచ్చిపోయి ఉంటే ముందు దాన్ని బాగుచేయాలి. ఎత్తు సంగతి తర్వాత. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస తీరాన్ని చితకబాదినప్పుడు వర్షపు నీళ్లలో నిలిచిన బండి ఏదైనా ఇప్పుడు పెరట్లో ఉంటే దాని అడుగు భాగాన్ని ఓసారి సుత్తి మొనతో తట్టి చూడడం మంచిది. 'ఠంగ్' అంటే సరే, 'డొప్' అంటే ఆలోచించాలి.

కడ్డీ మీద గీత పడకూడదు. ఆకురాయి పెట్టకూడదు, సుత్తితో నేరుగా కొట్టకూడదు. గోటితో తడిమితే తెలిసేంత గాటు చాలు, ఏదో ఒక రోజు అక్కడే పగులు మొదలవుతుంది. ఎడమ కడ్డీని కుడికీ, కుడిదాన్ని ఎడమకూ మార్చకూడదు. కడ్డీలను ఒకే వైపు మెలికి అలవాటు చేసి తయారుచేస్తారు. ఎదురు మెలి తిప్పితే విరుగుతాయి. చివర్న గుర్తులు ఉండేది అందుకే.

తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టుకు పొడవాటి గొట్టం తగిలించి ఊగడం మన షెడ్డుల్లో చూసే వీరవిద్య. బరువు మోస్తున్న బోల్టు తెగితే చెయ్యి ఛాసిస్‌ను వదిలేసి కొరడాలా తిరుగుతుంది. మణికట్టు విరిగినా, మొహం పగిలినా ఆశ్చర్యం లేదు. రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నాననిచ్చి, ముందు భాగాన్ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు కిందికి వేలాడి కడ్డీ మెలి తగ్గాకే బోల్టు మీద చెయ్యి వేయాలి. అప్పుడూ కొంత మెలి మిగిలే ఉంటుంది. ఒట్టి జాకీ మీద బండిని ఉంచి కిందికి దూరడం గురించి చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పాలి. కూడదు!

చట్టం ఏమంటుంది?

కంపెనీ చెప్పిన కొలతకు ఎత్తును సరిచేసుకోవడం మరమ్మతు కిందికే వస్తుంది. షోకు కోసం కొలత దాటి ఎత్తడం, కడ్డీలు మార్చడం, ఛాసిస్ కోయడం వేరే కథ. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది.

పాత కారును అపురూపంగా చూసుకునేవాళ్లకు 2021లో ఓ మంచి కబురు వచ్చింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన కార్లకు, మోటారు సైకిళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తామని కేంద్రం నిబంధనలు తెచ్చింది. నంబరు మధ్యలో 'వీఏ' అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరుగుళ్లకూ, కిరాయిలకూ వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చి ఉండకూడదు. అంటే 1975కు ముందు రిజిస్టరైన అంబాసిడర్ పెరట్లో ఉంటే, అది ఇప్పుడు పాత ఇనుము కాదు. ఇ-టైప్ ఉత్పత్తి ఆగింది కూడా 1974లోనే. ఆ లెక్కన ఎద్దూ గుర్రమూ ఒకే పంక్తిలోకి వచ్చాయన్నమాట. డీజిల్ ఇంజను పెట్టించినవాళ్లు మాత్రం కాస్త విచారించాల్సిందే.

కొలత ఎక్కడి నుంచి?

నేల నుంచి కొలవడం మొదటి పొరపాటు. టైరులో గాలి తగ్గినా కొలత మారిపోతుంది. చక్రం మధ్య నుంచి దాని పైనున్న మడ్‌గార్డు అంచు దాకా నిటారుగా కొలిస్తే టైరు గొడవ ఉండదు. దానికంటే ముందు నేల చదునుగా ఉందో లేదో చూసుకోవాలి. వేల రూపాయల పరికరాలేమీ అక్కర్లేదు. తాపీ మేస్త్రీల దగ్గరుండే నీళ్ల గొట్టం చాలు. నాలుగు చక్రాల చోటా నీటి మట్టం చూస్తే ఇంటి ముందరి సిమెంటు గచ్చు ఎటు వాలిందో ఇట్టే తెలిసిపోతుంది.

టైర్లలో గాలి సరిగ్గా నింపి, డిక్కీలోని సామాను తీసేసి, బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కీ దొర్లించి, బంపరు మీద రెండుమూడుసార్లు ఊపి వదిలాక కొలవాలి. జాకీ దించిన వెంటనే కొలిస్తే అది దొంగ కొలతే. చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి, బండి ఇంకా పూర్తిగా కూర్చోదు. దొర్లిస్తేనే కూర్చుంటుంది. మెకానిక్‌లు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే.

రెండు వైపులా కొలతలు రాసుకున్నాక అసలు పని. సర్దుబాటు బోల్టుంటే లాక్ నట్టు వదులు చేసి, అరచుట్టు చొప్పున తిప్పాలి. బోల్టు లేని బండికి పళ్ల లెక్క తప్పదు. విప్పేముందు కడ్డీ మీదా, గాడి మీదా సుద్దతోనో రంగుతోనో గుర్తు పెట్టుకోకపోతే ఆ రోజుకి భోజనం ఆలస్యమే! ప్రతిసారీ దించడం, దొర్లించడం, కొలవడం. ఒక పక్కే కుంగింది కదాని ఆ పక్కనొక్కటే ఎత్తేసి ఊరుకుంటే నులక మంచం కోడు కింద రాయి పెట్టినట్టవుతుంది. ఎడమ ముందు మూల లేపితే ఆ మూల మీదా, దానికి ఎదురు మూలైన కుడి వెనక చక్రం మీదా బరువు పెరుగుతుంది. మిగతా రెండు మూలలూ తేలిపోతాయి. బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగేది ఇందుకే. కాబట్టి రెండో పక్క కూడా చూసుకుంటూ, వెనక కమాన్లలో ఏదైనా విరిగిందేమో కూడా గమనిస్తూ పోవాలి. ముందు మూల కుంగడానికి వెనక మూల కారణమైన సందర్భాలు బోలెడు.

రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాల్లో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, ఎత్తు కుదిరాకే ఆఖరు బిగింపు. లేదంటే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, ఆరు నెలల్లో చిరుగుతుంది. బ్రేకు గొట్టాలు ఎక్కడైనా సాగుతున్నాయా, టైరుకు రాసుకుంటున్నాయా అని స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడాలి. ఎత్తు మారిందంటే అలైన్‌మెంటూ మారినట్టే. ఇంతా చేసి ఆ ఒక్క పనికి డబ్బు దాచుకుంటే కొత్త టైర్లకు పెట్టాల్సి వస్తుంది.

ఇక మిగిలింది దీపాలు. చీకటి పడ్డాక చదునైన చోట, తెల్లగోడకు 25 అడుగుల దూరంలో బండిని ఆపి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టండి. హెడ్‌లైట్ల నడిమి ఎత్తు ఎంతో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయండి. డిమ్ వేసి చూడండి. వెలుగు పై అంచు ఆ గీతకు మూడు అంగుళాలు దిగువన పడితే సరి. గీత దాటి పైకి పోతే దీపం వెనకున్న మరలు తిప్పుకోవాలి.